గంటకి 480 డాలర్లు: స్పీడ్‌బోట్ కొనాలా, పక్కోడి బోట్ ఎక్కాలా?

ఈ సైట్‌లో నేను ఇప్పటిదాకా రాసినవన్నీ ఫోన్లు, ఇయర్‌బడ్స్, ఒకటో రెండో ల్యాప్‌టాప్‌లు. ఈసారి గ్యాడ్జెట్ కాస్త పెద్దది. పొడవు 28 అడుగులు, బరువు రెండున్నర టన్నులు, లోపల 425 హెచ్‌పీ వీ8 ఇంజిన్. ఛార్జింగ్ కేబుల్ ఉండదు, బిల్లులు మాత్రం వస్తూనే ఉంటాయి.

విషయం ఏంటంటే, నేను ఉండేది అట్లాంటాకి ఉత్తరాన కమ్మింగ్‌లో. మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఊరు. ఇక్కడి నుంచి ఇరవై నిమిషాలు డ్రైవ్ చేస్తే లేక్ లేనియర్. చటాహూచీ నది మీద బ్యూఫోర్డ్ డ్యామ్ కట్టి 1950లలో నింపిన రిజర్వాయర్ అది, దాదాపు 38 వేల ఎకరాలు. మా కాలేజీ సీనియర్ అన్న ఒకాయనకి అక్కడ పాత హై పర్ఫార్మెన్స్ బోట్ ఉంది. రెండు సమ్మర్ల నుంచి ఆ బోట్ తాడు పట్టుకునేదీ, కడిగేదీ, పెట్రోల్ డబ్బులు షేర్ చేసేదీ నేనే. ఇప్పుడు మా నలుగురు ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూప్‌లో ఒక లిస్టింగ్ తిరుగుతోంది. అలాంటిదే ఇంకో బోట్, 60 వేల డాలర్లు. "మనిషికి 15 వేలు రా, ఒక వాడిన కారు ఖరీదు కూడా కాదు" అని ఒకడి వాదన. ముగ్గురు సై అన్నారు. నా ఓటు ఇంకా పడలేదు. వాళ్ళకి గ్రూప్‌లో టైప్ చేయడం మొదలుపెడితే అది ఇంత పొడుగైంది.

ముందు ఆనందం గురించే చెప్తా. ఎందుకంటే బోట్ ఖర్చుల గురించి రాసే ప్రతివాడూ దాన్ని వెటకారంగా చూస్తాడు. బోట్ అంటే 'బ్రేక్ అవుట్ అనదర్ థౌజండ్' అనే అమెరికన్ జోక్ ఒకటుంది, ఇంకో వెయ్యి తియ్యి అని. లేక్ దగ్గర ఎవరిని పలకరించినా ఆ జోక్ చెప్తారు, చెప్పి మళ్ళీ తమ బోటే ఎక్కుతారు. అంటే అందులో ఏదో ఉందనే కదా!

ఉదయం ఏడింటికి, ఇంకా వేరే బోట్లు రాకముందు, లేనియర్ నీళ్ళు అద్దంలా ఉంటాయి. థ్రాటిల్ ముందుకి తోస్తే మొదట ముక్కు పైకి లేస్తుంది, ముందర ఏమీ కనపడదు. మూడు నాలుగు సెకన్లు బోట్ నీళ్ళని మోస్తున్నట్టు ఉంటుంది. తర్వాత ముక్కు దిగుతుంది, బోట్ నీటి మీదకి ఎక్కి కూర్చుంటుంది. దీన్నే ప్లేనింగ్ అంటారు. అప్పుడు ట్రిమ్ బటన్ నొక్కి డ్రైవ్‌ని కొంచెం కొంచెంగా పైకి లేపుతూ పోతే, థ్రాటిల్ కదపకుండానే స్పీడ్ పెరుగుతుంది. హల్ వెనక భాగం తప్ప మిగతాదంతా గాల్లోకి వచ్చేసినట్టు. స్టీరింగ్ తేలికైపోతుంది. 60 మైళ్ళ దగ్గర చిన్న అల కూడా నడుముకి తెలుస్తుంది. కారులో 60 మైళ్ళు అంటే హైవే మీద పాటలు వింటూ పోయే స్పీడ్. నీళ్ళ మీద అదే 60 వేరే సంగతి. ఒళ్ళంతా చెవులై వింటుంది.

ఆ తర్వాత ఏదో ఒక మూల నీళ్ళలోకి పోయి ఇంజిన్ ఆపేస్తాం. ఆ ఇంజిన్ మోత తర్వాత వచ్చే నిశ్శబ్దం ఉంది చూశారూ, ఏ నాయిస్ క్యాన్సిలేషన్‌లోనూ దొరకదు. వదిన ప్యాక్ చేసిచ్చిన పులిహోర అక్కడే ఖాళీ అవుతుంది.

నాకు ఈ పిచ్చి అమెరికా వచ్చాక పట్టింది కాదు. 2018 నవంబర్‌లో విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర కృష్ణలో ఎఫ్1హెచ్2ఓ వరల్డ్ ఛాంపియన్‌షిప్ రేస్ జరిగింది, గుర్తుందా? అమరావతి పేరుతో ఒక టీమ్ కూడా దిగింది. బీటెక్ చదువుతూ ఒడ్డున జనంలో నిలబడి చూశా. అవి రెండు పడవలు పక్కపక్కన అతికించినట్టుండే కాటమరాన్లు. మధ్యలో ఉన్న సొరంగంలోకి గాలి దూరి బోట్‌ని పైకి లేపుతుంది, గంటకి 200 కిలోమీటర్లు దాటి పోతాయి. తమిళంలోని 'కట్టుమరం' అన్న మాటే ఇంగ్లిష్‌లోకి పోయి కాటమరాన్ అయి, కార్బన్ ఫైబర్ వేసుకుని మళ్ళీ మన నదిలోకి వచ్చిందన్నమాట.

ఇక స్పెక్స్‌కి వద్దాం, ఈ సైట్ చదివేవాళ్ళకి అవే కదా కావాలి.

కారులో 400 హెచ్‌పీ ఉన్నా, చదునైన హైవే మీద 60 మైళ్ళ స్పీడ్‌లో పోవడానికి ఇరవై పాతిక హెచ్‌పీ చాలు. మిగతాదంతా ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఒక ఐదు సెకన్లు వాడతాం. బోట్ అలా కాదు. నీళ్ళ సాంద్రత గాలి కంటే 800 రెట్లు ఎక్కువ. థ్రాటిల్ వదిలితే బోట్ జారుతూ పోదు, కూలబడుతుంది. ఎప్పుడూ కొండ ఎక్కుతున్న కారే అనుకోండి. ఫోన్ భాషలో చెప్పాలంటే, కారు ఇంజిన్‌ది బెంచ్‌మార్క్ స్కోరు, బోట్ ఇంజిన్‌ది గంటసేపు ఆగకుండా గేమ్ ఆడే సస్టెయిన్డ్ పర్ఫార్మెన్స్. అందుకే పర్ఫార్మెన్స్ మెరీన్ ఇంజిన్ల వయసు మైళ్ళలో కాదు, గంటల్లో చెప్తారు. బాగా ట్యూన్ చేసినవాటికి కొన్ని వందల గంటలకే విప్పి లోపలి భాగాలు మార్చాల్సి వస్తుంది.

పెట్రోల్ లెక్క ఇంకా సింపుల్. ఒక హెచ్‌పీని గంటసేపు తీయడానికి సుమారు అర పౌండు పెట్రోల్ కావాలి. గ్యాలన్ పెట్రోల్ ఆరు పౌండ్ల చిల్లర బరువు. కాబట్టి ఫుల్ థ్రాటిల్‌లో ఎన్ని హెచ్‌పీ ఉంటే దాన్ని పదితో భాగించండి, గంటకి దాదాపు అన్ని గ్యాలన్లు. మా అన్న 425 హెచ్‌పీ బోట్ ఫుల్‌గా తొక్కితే గంటకి 40 గ్యాలన్లు, నెమ్మదిగా క్రూజ్ చేస్తే అందులో సగం. ఇదే లెక్క మెర్క్యురీ రేసింగ్ వాళ్ళ 9 లీటర్ల ట్విన్ టర్బో వీ8కి వేసి చూడండి, అది మామూలు ప్రీమియం పెట్రోల్ మీదే 1350 హెచ్‌పీ ఇస్తుంది. దాంట్లో ఒక వెర్షన్‌కి రెండు తాళాలు ఉంటాయి. ఒక తాళం పెడితే 1350, రేస్ ఫ్యూయల్ పోసి రెండోది పెడితే 1550. పర్ఫార్మెన్స్ మోడ్‌ని సెట్టింగ్స్‌లో కాకుండా తాళంలో పెట్టారు! పైగా ఇలాంటివి ఒక్కో బోట్‌కి రెండేసి పెడతారు.

లోపలి ఎలక్ట్రానిక్స్ కూడా మనకి తెలిసినవే. ఇంజిన్, జీపీఎస్, ఫ్యూయల్ సెన్సర్, డెప్త్ సెన్సర్ అన్నీ ఎన్‌ఎంఈఏ 2000 అనే నెట్‌వర్క్ మీద మాట్లాడుకుంటాయి. అది కార్లలో ఉండే క్యాన్ బస్‌కి దగ్గరి చుట్టమే. మా అన్న బోట్ పాతది కాబట్టి దానికి నేనే ఒక గేట్‌వే పెట్టి డేటా లాగ్ చేశా. ఏ ఆర్‌పీఎం దగ్గర గ్యాలన్‌కి ఎన్ని మైళ్ళు వస్తుందో గ్రాఫ్ గీసి చూపిస్తే ఆయన, "తమ్ముడూ, ఇది నా చెవులకి ఎప్పుడో తెలుసురా" అన్నాడు. గ్రాఫ్ కూడా అదే చెప్పింది, అది వేరే విషయం.

ప్రొపెల్లర్ లెక్క మాత్రం నాకు చాలా నచ్చింది. పిచ్ అంటే ప్రొపెల్లర్ ఒక్క చుట్టు తిరిగితే సిద్ధాంతం ప్రకారం ఎన్ని అంగుళాలు ముందుకి పోవాలో చెప్పే అంకె. ఇంజిన్ ఆర్‌పీఎంని పిచ్‌తో గుణించి, గేర్ రేషియోతోనూ 1056తోనూ భాగిస్తే మైళ్ళలో స్పీడ్ వస్తుంది. 6000 ఆర్‌పీఎం, 28 పిచ్, 1.6 గేర్ అయితే 99 మైళ్ళు. నీళ్ళలో జారుడు పది శాతం తీసేస్తే 89. స్పీడ్ ఎక్కువ చెప్పుకునే ప్రతి బోట్ ఓనర్‌నీ ప్రొపెల్లర్ పిచ్ ఎంత అని అడగండి. నిజం అక్కడే బయటపడుతుంది. ఫోన్ కంపెనీ చెప్పే వాట్‌లని ఛార్జర్ వెనక రాసిన వోల్ట్, ఆంపియర్లతో సరిచూసుకున్నట్టే.

మరి ఆ 60 వేల బోట్‌కి అసలు ఖర్చెంత?

కింది అంకెలు అన్న దగ్గర చూసినవాటిని బట్టి నేను వేసిన అంచనా. ఊరిని బట్టి, బోట్‌ని బట్టి మారతాయి. బోట్ లోన్ ఇక్కడ 15, 20 ఏళ్ళకి కూడా ఇస్తారు. 60 వేలు, 8 శాతం వడ్డీ, 15 ఏళ్ళు అనుకుంటే నెలకి 573 డాలర్లు. వినడానికి బాగానే ఉంది. 15 ఏళ్ళు పూర్తయ్యేసరికి కట్టేది లక్షా 3 వేలు. ఫోన్‌ని నో కాస్ట్ ఈఎంఐలో కొన్నప్పుడు కూడా ఎక్కడో దాస్తారు కదా, ఇక్కడ దాచడం కూడా లేదు. ఏడాదికి లోన్ 6,900, మెరీనాలో పెట్టడానికి నెలకి 400 చొప్పున 4,800, ఇన్సూరెన్స్ 1,800, సర్వీస్, వింటర్ పనులు కలిపి 2,500, రిపేర్ల కోసం పక్కన పెట్టాల్సింది 3,000. ఏడాదికి 50 గంటలు తిప్పితే, గంటకి 20 గ్యాలన్లు, లేక్ మీద గ్యాలన్ 5 డాలర్లు, అంటే పెట్రోల్ 5,000. మొత్తం 24 వేలు. గంటకి 480 డాలర్లు. ఇండియా డబ్బుల్లో గంటకి 40 వేల పైనే, నిమిషానికి 8 డాలర్లు.

ఇందులో గమనించాల్సింది ఏంటంటే, పెట్రోల్ వాటా ఐదో వంతే. ఎవరు బోట్ చూసినా మొదట అడిగేది "మైలేజ్ ఎంత?" అనే. మిగతా నాలుగు వంతులు బోట్ కదలకపోయినా పోతాయి. అదే బోట్‌ని 100 గంటలు తిప్పితే పెట్రోల్ ఇంకో 5,000 పెరుగుతుంది, కానీ గంటకి ఖర్చు 290కి దిగుతుంది. పెట్రోల్‌కి భయపడి బోట్‌ని ఒడ్డున కట్టేసేవాడే ఎక్కువ నష్టపోతాడు. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా దాదాపు ప్రతి వారం పోగలరా? పోగలిగితే ఈ సరదాకి అర్థం ఉంది. మా గ్రూప్‌లో ఇద్దరికి ప్రొడక్షన్ సపోర్ట్ ఉంది, వీకెండ్ కూడా పేజర్ మోగుతుంది. ఇంకొకడికి ఇప్పుడే పాప పుట్టింది. 50 గంటలు అన్నది కూడా నేను ఉదారంగా వేసిందే.

రిపేర్ అంటే పెద్ద పేలుళ్ళేమీ కాదు. వాటర్ పంప్‌లో ఇంపెల్లర్ అని అరచేతిలో పట్టేంత రబ్బరు చక్రం ఉంటుంది. లేక్ నీళ్ళు లాగి ఇంజిన్‌ని చల్లబరిచేది అదే. దాని రెక్కలు ఎండిపోయి విరిగితే మొత్తం ఇంజిన్ వేడెక్కుతుంది. దాన్ని మార్చడం చిన్న పని. కానీ పోయిన జులైలో దగ్గర్లోని ఒక షాప్‌లో ఆ పనికి లైన్ మూడు వారాలు. జులై అంటే బోట్ సీజన్ నడి మధ్య! అలాగే డ్రైవ్ చుట్టూ ఉండే రబ్బరు బెల్లోస్ చిరిగితే నీళ్ళు లోపలికి వస్తాయి. చలికాలం ముందు ఇంజిన్‌లో నీళ్ళు పూర్తిగా తీయకపోతే గడ్డకట్టి బ్లాక్ పగులుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ నెలల తరబడి ట్యాంక్‌లో ఉంటే నీటిని పీల్చుకుని విడిపోతుంది, అందుకే ఇథనాల్ లేని పెట్రోల్ ఎక్కడ దొరుకుతుందా అని తిరగాలి. ఇవన్నీ తెలిసిన మనిషికి సరదా పనులు, తెలియనివాడికి బిల్లులు. మా అన్న సగం పనులు సొంతంగా చేసుకుంటాడు, అందుకే ఆయనకి గిట్టుబాటు అవుతోంది.

ఇప్పుడు నా ఓటుని ఆపుతున్న అసలు కారణాలు రెండు.

ఒకటి వీసా. మా నలుగురిదీ హెచ్1బీ. ఉద్యోగం పోతే చేతిలో ఉండేది గరిష్టంగా 60 రోజులు. ఆ 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం వెతకాలి, లీజు చూసుకోవాలి, కారు అమ్మాలి. కారుకి మధ్యాహ్నానికల్లా ఆన్‌లైన్‌లో రేటు చెప్పి తీసుకుపోయేవాళ్ళున్నారు. పాత స్పీడ్‌బోట్‌కి అలా ఉండరు. అదీ జనవరిలో అయితే, చలికాలంలో బోట్ కొనే మనిషిని ఎక్కడ పట్టుకొస్తాం? లేఆఫ్‌లు క్యాలెండర్ చూసి రావు. నలుగురి పేర్ల మీద లోన్ ఉండి, ఇద్దరు ఇండియా వెళ్ళిపోతే మిగిలిన ఇద్దరి మీద ఏడాదికి 24 వేలు పడుతుంది. గ్రీన్ కార్డ్ వచ్చాక కొందాం అంటే, ఇండియా క్యూ పొడవు చూస్తే ఆ బోట్ నా మనవడు నడపాలి.

రెండోది ప్రాణం. అమెరికా లేకుల్లో మునిగి చనిపోయిన మన పిల్లల వార్తలు చాలాసార్లు చదివాం. మా నలుగురిలో ఈత వచ్చింది ఒక్కడికి, వాడు నేర్చుకుంది గోదావరి కాలవలో. 70 మైళ్ళ స్పీడ్ అంటే సెకనుకి 100 అడుగులు. జార్జియా చట్టం ప్రకారం వేరే బోట్‌కో, డాక్‌కో, ఒడ్డుకో 100 అడుగుల లోపు ఉంటే నెమ్మదిగా, ఐడిల్‌లోనే పోవాలి. ఆ స్పీడ్‌లో ఆ దూరం ఒక్క సెకను కూడా కాదు. బ్రేకులు ఉండవు. వీకెండ్ మధ్యాహ్నం లేనియర్ మీద జెట్ స్కీలు, పాంటూన్లు, ట్యూబ్ మీద పిల్లలని లాగే బోట్లు, అన్నీ కలిసి మన కోఠి సెంటర్‌లా ఉంటుంది, కాకపోతే లేన్లు కూడా ఉండవు.

కిల్ స్విచ్ అని ఎర్ర తాడు ఒకటుంటుంది. ఒక చివర డ్రైవర్‌కి, ఇంకో చివర ఇంజిన్ స్విచ్‌కి. మనిషి నీళ్ళలో పడితే తాడు ఊడి ఇంజిన్ ఆగుతుంది. 26 అడుగుల కంటే చిన్న బోట్లకి 2021 ఏప్రిల్ నుంచి అమెరికా ఫెడరల్ చట్టమే దాన్ని తప్పనిసరి చేసింది. 28 అడుగుల బోట్‌కి ఆ రూల్ వర్తించదు, కానీ తాడు తగిలించకుండా మా అన్న ఇగ్నిషన్ తిప్పడు. ఎవరైనా లైఫ్ జాకెట్ విప్పితే, "ఒరేయ్, మీ అమ్మకి ఫోన్ చేసి చెప్పమంటావా" అంటాడు. ఆయన బోట్‌లో బీర్ ఉండదు. 1998 జనవరి 1 నుంచి పుట్టినవాళ్ళు జార్జియాలో బోట్ నడపాలంటే బోటింగ్ కోర్స్ పాస్ కావాలి. నేను చేశా, ఆన్‌లైన్‌లో ఒక సాయంత్రం పట్టింది. మా గ్రూప్‌లో మిగతా ముగ్గురూ బోట్ రంగు దగ్గరే ఉన్నారు, కోర్స్ లింక్ ఇంకా ఎవరూ తెరవలేదు.

ఎలక్ట్రిక్ వచ్చేదాకా ఆగుదాం అన్నాడు ఒకడు, టెస్లా ఫ్యాన్. 2022లో మిస్సోరిలోని లేక్ ఆఫ్ ది ఓజార్క్స్ షూటౌట్‌లో విజన్ మెరీన్ కంపెనీ ఎలక్ట్రిక్ బోట్ 109 మైళ్ళు కొట్టింది. 2018లో ఎఫ్1హెచ్2ఓ ఛాంపియన్ అయిన షాన్ టొరెంటే వాళ్ళ టీమే అందులో ఉంది, అంటే కృష్ణలో నేను చూసిన సీజన్ విజేత. స్పీడ్ సమస్యే కాదు. సమస్య నిల్వ. గ్యాలన్ పెట్రోల్‌లో 33.7 యూనిట్ల శక్తి ఉంటుంది. 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో ఉండేది సుమారు 19 వాట్ అవర్లు. అంటే ఒక్క గ్యాలన్‌కి 1,700 పైగా ఫోన్లు! ఇంజిన్ అందులో ముప్పావు వంతు వేడిగా పోగొట్టినా బ్యాటరీ బరువు దగ్గర పెట్రోల్‌దే గెలుపు. నెమ్మదిగా తిరిగే బోట్లకి ఎలక్ట్రిక్ బాగుంటుంది. రోజంతా 60లో తిరగడానికి మాత్రం మనం ఇంకా ఆగాలి.

అయితే నా ప్రపోజల్ ఇది. 60 వేల ఫ్లాగ్‌షిప్ బదులు మిడ్‌రేంజ్ కిల్లర్ ఒకటుంది, దాని పేరు బాస్ బోట్. చేపలు పట్టడానికి చేసింది, 20, 21 అడుగులు, వెనక 250 హెచ్‌పీ ఔట్‌బోర్డ్, తేలికైన హల్. మంచివి 70 మైళ్ళు పోతాయి. స్పెక్ షీట్‌లో చూడటానికి ఏమీ ఉండదు, సోఫాలు ఉండవు, ఇన్‌స్టా రీల్‌కి అంత పనికిరాదు. కానీ ఇంజిన్ బయటే ఉంటుంది కాబట్టి పని తేలిక, చలికాలంలో కిందికి దించితే నీళ్ళు వాటంతటవే కారిపోతాయి, ట్రైలర్ మీద మామూలు ట్రక్ లాగుతుంది, మెరీనా అద్దె ఉండదు. వాడింది 20, 25 వేలలో చూసి లోన్ లేకుండా కొంటే మనిషికి ఐదారు వేలు, అవసరమైతే తక్కువకి వదిలేసినా కొంప మునగదు. ట్రైలర్ ఎక్కడ పెడతామన్నదే చిక్కు. మా అపార్ట్‌మెంట్‌లో ఒప్పుకోరు, ఇళ్ళున్నవాళ్ళకి హెచ్‌ఓఏ ఒప్పుకోదు. స్టోరేజ్ యార్డ్‌లో నెలకి వంద డాలర్ల లోపు దొరుకుతుందేమో చూస్తున్నా.

పెద్ద బోటే కావాలని పట్టుబడితే నావి మూడు షరతులు: లోన్ వద్దు, సర్వేయర్‌తో హల్, ఇంజిన్ కంప్రెషన్ చెక్ చేయించి నీళ్ళ మీద నడిపి చూశాకే అడ్వాన్స్ ఇవ్వాలి, ముగ్గురూ ఈత క్లాసులో చేరాలి. ఇది గ్రూప్‌లో పెట్టి నాలుగు రోజులైంది. మొదటి రెండిటికీ బొటనవేలు ఎమోజీలు వచ్చాయి. మూడోదానికి ఒకడు మాత్రం వైఎంసీఏ ఫీజు ఎంతో కనుక్కుని స్క్రీన్‌షాట్ పెట్టాడు.